సుద్దముక్కల దొంగ

సోమవారం పొద్దున స్టాఫ్ రూములో హెడ్ సార్ సుద్దముక్కల గురించి మొదలుపెట్టేసరికి లెక్కల టీచరు నోట్లో ఒక ముక్క ఉంది.

చిన్న ముక్కే. చిటికెన వేలి గోరంత. మొదటి గంట కొట్టాక మెట్లెక్కి వస్తూ, పదకొండో మెట్టు మీద ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడు, బ్యాగు పక్క జేబులోంచి తీసి నాలుక కింద పెట్టుకుంది. అది మెల్లగా కరుగుతుంటే ఎండిన నేల మీద నీళ్ళు చల్లినప్పటి వాసన గొంతులోకి దిగుతుంది. ఆ రెండు నిమిషాలూ ఆమెకి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

"ఆర్నెల్లకని తెప్పించిన డబ్బాలు," అన్నాడు హెడ్ సార్, "ఆరు వారాలకే అడుగంటాయి. నాకు అర్థం కాక అడుగుతున్నాను, ఈ బడిలో ఎవరైనా సుద్ద తింటున్నారా?"

అందరూ నవ్వారు. డ్రాయింగ్ మాస్టారైతే బల్ల చరిచి మరీ నవ్వాడు. లెక్కల టీచరు మాత్రం పెదాలు బిగించి, కళ్ళతోనే నవ్వింది. నోరు తెరిస్తే నాలుక పాలు తాగిన పసిపాప నాలుకలా ఉంటుందని ఆమెకి తెలుసు.

అదే సమయానికి టీ గ్లాసుల పళ్ళెంతో ఆయమ్మ లోపలికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఈ బడిలో అటెండరు. గంట కొట్టేదీ ఆమే, గదులు ఊడ్చేదీ ఆమే, పొద్దున వరండా బీరువా తెరిచి సాయంత్రం తాళం వేసేదీ ఆమే.

"ఆయమ్మా, మీ వీధిలో ఎవరో ట్యూషన్లు చెప్తారట కదా?"

"చెప్తారు సార్. మా ఎదురింటావిడ."

"పాపం, ఆవిడకి సుద్దముక్కలు ఎక్కడినుంచి వస్తాయో?"

మాటలో ముల్లు ఆయమ్మకి వెంటనే గుచ్చుకోలేదు. గుచ్చుకున్నాక పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆమె పళ్ళేన్ని బల్ల మీద పెట్టింది. ఒలికిన టీని గుడ్డతో తుడిచింది. అప్పుడు తలెత్తింది.

"నేను తీయలేదు సార్."

"తాళం నీ దగ్గరే ఉంటుంది కదా."

"పొద్దున తీస్తాను, సాయంత్రం వేస్తాను. మధ్యలో బీరువా తెరిచే ఉంటుంది సార్. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు."

"అంటే ఏమిటి నీ ఉద్దేశం? టీచర్లు దొంగలా?"

ఆయమ్మ నడుముకి చెక్కుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. హెడ్ సార్ దాన్ని జేబులో వేసుకుని, రేపటినుంచి సుద్దముక్కలు తన గదిలోనే ఇస్తానని, మనిషికి రోజుకి రెండే అని, ఆయమ్మ ఇంటికెళ్ళేటప్పుడు గేటు దగ్గర సంచీ చూపించి వెళ్ళాలని చెప్పి లేచాడు.

నేనే తీశానని చెప్పాలని లెక్కల టీచరు అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ ముక్క ఇంకా పూర్తిగా కరగలేదు. దాన్ని మింగి, గుటక వేసి, గొంతు సవరించుకునేసరికి కుర్చీలు జరిగిపోయాయి, గది సగం ఖాళీ అయింది. ఆయమ్మ టీ గ్లాసు ఆమె ముందు పెట్టి, ఒక్క క్షణం ఆమె పెదాల వంక చూసి, పళ్ళెం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎప్పటిలాగే ఆమె చుట్టూ దర్బారు సాగింది. అరచేతిలో పట్టే డబ్బాలో ఒక ఉడికిన గుడ్డు, నాలుగు చెంచాల కూర. వాటిని అరగంట సేపు నమిలేది. ఏడాదిన్నరలో నలభై కిలోలు తగ్గిన మనిషి ఏం తింటుందో, ఎలా తింటుందో చూడటానికి సైన్సు టీచరు తన డబ్బా పక్కకి పెట్టి మరీ కూర్చునేది. పిల్లలు కూడా తక్కువేం కాదు. 'రోడ్డు రోలరు' అనే పాత పేరు తీసేసి 'ఫుట్ స్కేలు' అని కొత్త పేరు పెట్టారు.

"నిన్న పన్నెండు వేల అడుగులు టీచర్," అంది సైన్సు టీచరు, మోకాళ్ళు నొక్కుకుంటూ. "మీరు చెప్పినట్టే పొద్దునా సాయంత్రం నడుస్తున్నాను. బరువు కదలట్లేదు కానీ మోకాళ్ళే కదిలిపోతున్నాయి."

"నాకు నయం," అన్నాడు డ్రాయింగ్ మాస్టారు. "రాత్రి తిండి మానేసి మూణ్ణెల్లు. కిలో తగ్గాను. మా ఆవిడ మాత్రం నా కోపం పది కిలోలు పెరిగిందంటోంది."

"మొదట్లో అలాగే ఉంటుంది," అంది లెక్కల టీచరు. గురువుగారి నవ్వు ఒకటి నవ్వింది. ఆ నవ్వు ఆమెకి బాగా అలవాటైపోయింది. పోయినేడాది వేసవి సెలవుల్లో ఆసుపత్రిలో పొట్ట చిన్నది చేయించుకుందని, పేగు దారి మళ్ళించారని బడిలో పురుగుకి కూడా తెలియదు. "నడకే, ఇంకేం లేదు" అని మొదటిసారి అడిగినప్పుడు ఎవరికో నోరుజారి చెప్పింది. ఆ మాటకి కాళ్ళొచ్చి, ఇప్పుడు స్టాఫంతా దాని వెంట నడుస్తోంది.

*

ఇంటి ముందుగదే ఆమె భర్త టైలర్ షాపు. ఆమె వచ్చేసరికి ఆయన కత్తెర పక్కన పెట్టి, బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని ఏదో వెతుకుతున్నాడు.

"ఏం పోయింది?"

"పోవడం కాదు, తినడం." ఆయన పైకి లేచి అరచెయ్యి చాపాడు. బట్ట మీద గీతలు గీసుకునే పలకలాంటి సుద్ద అందులో ఉంది. ఒక మూల అర్ధచంద్రంలా కొరికేసి ఉంది. "ఇది నాలుగోది. ఎలుకలు బట్టలు కొరుకుతాయని విన్నాను కానీ సుద్ద కొరకడం నేనెక్కడా వినలేదు. పైగా చూడు, పళ్ళు ఎంత వరసగా ఉన్నాయో. డాక్టరు దగ్గరికెళ్ళి కట్టించుకున్నట్టున్నాయి."

ఆమె చెయ్యి అప్రయత్నంగా నోటి మీదకి వెళ్ళింది.

"బోను తెచ్చాను," అన్నాడాయన ఉత్సాహంగా. "ఇవాళ దాని అంతు తేలుస్తాను."

బోనులో ఎరగా కొత్త సుద్దపలక పెట్టాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కూర తరుగుతూ ముందుగది గుమ్మం వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ పలక గులాబీ రంగుది. గులాబీ రంగుది కొంచెం కమ్మగా ఉంటుంది.

ఆయన ఆమె డ్రెస్సు ఒకటి తెచ్చి భుజాల దగ్గర పట్టి చూశాడు. "మళ్ళీ కుట్టు లోపలికి వెయ్యాలి. ఏడాదిగా నీ బట్టలే విప్పి కుడుతున్నాను. షాపుకి బయటి బేరాలు రానక్కర్లేదు, నువ్వొక్కదానివి చాలు." తర్వాత ఆమె చెంప మీద పడిన వెంట్రుకలు తీసి పక్కకి వేయబోతే అవి ఆయన వేళ్ళకే అంటుకుని వచ్చేశాయి. ఆయన వాటి వంక చూశాడు. "జుట్టు బాగా ఊడుతోందే నీకు."

"షాంపూ పడక," అంది ఆమె.

*

మంగళవారం తన వాటా రెండు ముక్కల్నీ ఆమె మొదటి పీరియడు కాకముందే తినేసింది.

తొమ్మిదో తరగతికి వృత్తాలు చెప్పాలి. చేతిలో సుద్ద లేదు. "ఈ రోజు బోర్డు మీద గీయను," అంది. "కళ్ళు మూసుకోండి. మనసులో ఒక వృత్తం గీయండి. గీశారా? మధ్యలో చుక్క పెట్టండి." నలభై మంది కళ్ళు మూసుకున్నారు. వెనక బెంచీలో ఇద్దరు ఆ ఊపులోనే నిద్రపోయారు. ముందు బెంచీలో ఒకమ్మాయి, "టీచర్, నాది గుండ్రంగా రావట్లేదు," అంది. క్లాసంతా గొల్లుమంది. లెక్కల టీచరు కూడా నవ్వింది. నవ్వగానే కళ్ళు బైర్లు కమ్మి బల్ల అంచు పట్టుకుంది.

సాయంత్రం బడి వదిలాక మెట్ల మలుపు దగ్గర ఆయాసంతో నిలబడి, ఆమె కిందకి చూసింది. గేటు పక్కన చిన్న బల్ల వేశారు. వాచ్‌మన్ తల దించుకుని నిలబడ్డాడు. ఆయమ్మ సంచీలోంచి వస్తువులు ఒక్కొక్కటే తీసి తనే బల్ల మీద పేరుస్తోంది. టిఫిన్ డబ్బా. దువ్వెన. మడిచిన తువ్వాలు. ఒక కళ్ళజోడు కవరు, అందులో కళ్ళజోడు లేదు, మనవరాలి ఫోటో ఉంది. టిఫిన్ డబ్బా మూత కూడా తనే తీసి వంచి చూపించింది. రెండు మెతుకులు బల్ల మీద పడితే వేలితో అద్ది తీసేసింది. ఇంటికెళ్ళే పిల్లలు ఆగి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో చాలామందికి ఒకటో తరగతిలో ముక్కు తుడిచింది ఆయమ్మే.

లెక్కల టీచరు ఒక మెట్టు దిగింది. తర్వాత ఆగిపోయింది. 'రేపు' అనుకుంది.

*

బుధవారం ఆటల పీరియడులో ఏడో తరగతి గది ఖాళీగా ఉంది. లెక్కల టీచరు లోపలికి వెళ్ళి, బోర్డు కింద చెక్క గాడిలో మిగిలిన ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టింది. అరిగిపోయినవి, విరిగినవి, బఠాణీ గింజంతవి. ఎడమ గుప్పిట్లో పోగుచేస్తూ కుడిచేత్తో ఒకటి నోట్లో వేసుకుంది. కరకరమంది.

"అది పోయినేడాదిది టీచరమ్మా, బూజు పట్టి ఉంటుంది."

వెనక ఆయమ్మ, చేతిలో చీపురు. ఆమె తొందరేమీ పడకుండా లోపలికి వచ్చి తలుపు చేరవేసింది.

లెక్కల టీచరు గుప్పిట వెనక్కి దాచుకుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎంతోమంది పిల్లలు తన ముందు అలా గుప్పిట దాచుకుని నిలబడ్డారు. తను నిలబడటం ఇదే మొదటిసారి.

"కూర్చోండి. పడిపోతారు," అంది ఆయమ్మ. బెంచీ మీద దుమ్ము దులిపింది. పక్కన తనూ కూర్చుంది. అడక్కుండానే టీచరు కింది కనురెప్ప బొటనవేలితో కిందకి లాగి చూసింది. గోళ్ళు తిప్పి చూసింది. "తెల్ల కాగితంలా ఉన్నారు. ఒంట్లో రక్తం లేదు. ఎన్నాళ్ళనుంచి తింటున్నారు?"

"మూణ్ణెల్లు. నీకెలా తెలుసు?"

"నా రెండోది కడుపులో ఉన్నప్పుడు నేను గోడ గీకి తిన్నాను. మా అత్తగారు గోడకి గుంట పడిందని చూస్తే నా గోళ్ళ నిండా సున్నం. నాలుగు తిట్టింది, తర్వాత తనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రక్తం తక్కువైతే ఇలా పిచ్చి పిచ్చివి తినాలనిపిస్తుందని అక్కడే చెప్పారు." ఆయమ్మ గొంతు తగ్గించింది. "మీరేమైనా... విశేషమా?"

"నలభై ఏడేళ్ళు నాకు!"

"అయితే ఏం, అడగాలి కదా."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే లెక్కల టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బడిలో ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటపడింది. "ఆపరేషన్ చేయించుకున్నాను ఆయమ్మా. పొట్ట చిన్నది చేశారు. అందుకే తగ్గాను."

"నడక కాదా?"

"కాదు."

ఆయమ్మ నోరు వెళ్ళబెట్టింది. "అయ్యో రామ! పొద్దున ఆరింటినుంచి ఈ మూడంతస్తులూ ఎక్కి దిగుతున్నాను, మీకంటే ఎక్కువే నడుస్తున్నాను, మరి నేనెందుకు తగ్గట్లేదా అని మూణ్ణెల్లుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నానమ్మా!"

నవ్వు ఆగాక లెక్కల టీచరు గుప్పిట విప్పి ముక్కల వంక చూసింది. "నేనే తీస్తున్నానని నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మూడు వారాలు."

"మరి సోమవారం ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్ముతారా? లెక్కలు చెప్పే టీచరమ్మ సుద్ద తింటోందని నేనంటే, దొంగతనానికి తోడు అబద్ధం కూడా నా నెత్తిన పడేది." ఆయమ్మ చీపురు పుల్ల ఒకటి సర్దుతూ, తల ఎత్తకుండా అంది. "మీరు చెప్తారేమోనని చూశాను. మీ నోట్లో ముక్క ఉంది అప్పుడు."

లెక్కల టీచరుకి తల కొట్టేసినట్టయింది.

"మిమ్మల్ని ఇప్పుడు తిట్టినా ఏం లాభం, గట్టిగా తిడితే పడిపోయేలా ఉన్నారు," అంది ఆయమ్మ లేస్తూ. "ముందు రక్తం పరీక్ష చేయించుకోండి. తర్వాత నా సంగతి చూడండి. కానీ రెండూ చెయ్యాలి. ఒకటి చేసి ఒకటి మర్చిపోతే నేనూరుకోను."

టీచరు గుప్పిట్లోని ముక్కలన్నీ తన చేతిలోకి ఒంపించుకుని, చెత్తబుట్టలో కొట్టి, ఊడవడం మొదలుపెట్టింది.

*

గురువారం లెక్కల టీచరు సెలవు పెట్టింది, భర్త షాపు మూశాడు. "నీరసంగా ఉంది" అన్నంత వరకే ఆమె చెప్పింది. పొద్దున రక్తం ఇచ్చి, మధ్యాహ్నానికి రిపోర్టు చేతికొచ్చాక, ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే డాక్టరమ్మ ముందు కూర్చున్నారు.

"హిమోగ్లోబిన్ ఏడు," అంది డాక్టరమ్మ. "కనీసం పన్నెండు ఉండాలి."

"పన్నెండుకి ఏడు. యాభై ఎనిమిది శాతం," అంది లెక్కల టీచరు. "మా బడిలో పాస్."

"ఇక్కడ కాదండీ. మాత్రలు వేసుకుంటున్నారా?"

"మొదటి ఏడాది ఒక్కరోజు తప్పలేదు. అన్నీ గుప్పిట్లో పోసుకుని పొద్దున టీతో ఒకేసారి మింగేదాన్ని. తర్వాత ఒళ్ళు తేలిగ్గా, బాగానే ఉందని..." నీళ్ళు నమిలింది.

"మానేశారు. ఏడాది చెకప్‌కి కూడా రాలేదు."

"బాగా తింటున్నాను కదా డాక్టర్. గుడ్డు, ఆకుకూర, పప్పు, అన్నీ తింటున్నాను."

"తినడం వేరు, అది ఒంటికి పట్టడం వేరు." డాక్టరమ్మ కాగితం లాగి బొమ్మ గీసింది. గీతలు వంకరగా ఉన్నాయి. లెక్కల టీచరుకి రబ్బరుతో చెరిపి సరిచేయాలనిపించింది. "ఇది మీ పొట్ట. కోడిగుడ్డంత సంచీ మిగిల్చాం. ఇది చిన్నపేగు. తిన్నదాంట్లో ఇనుము ఎక్కువగా రక్తంలోకి చేరేది పేగు మొదట్లో, ఇదిగో ఈ ముక్కలో. మీ ఆపరేషన్‌లో ఈ ముక్కని తప్పించి, ఇక్కడ కిందకి కొత్త దారి కలిపాం."

"బైపాస్ రోడ్డు పడ్డాక ఊళ్ళోకి బస్సు రానట్టు," అన్నాడు టైలరు.

"సరిగ్గా అంతే. ఊళ్ళో స్టాపులో దిగాలని ఇనుము సంచీ పట్టుకుని కూర్చుంటుంది, బస్సు అటు పోదు. కింది స్టాపుల్లో కొంచెం దిగుతుంది. కానీ అక్కడ కూడా తలుపు దగ్గర టీ, కాల్షియం మాత్ర అడ్డంగా నిలబడితే ఇక అది దిగేదెలా? అందుకే ఇనుము మాత్రకి, కాల్షియం మాత్రకి మధ్య రెండు గంటల తేడా ఉండాలి. ఇనుముకి దగ్గర్లో టీ, పాలు ఉండకూడదు. పొట్ట చిన్నదైంది కాబట్టి బి పన్నెండు విటమిన్ కూడా సరిగా అందదు, దానికి వేరే ఇంజెక్షన్. ఇది ఒక ఏడాది ముచ్చట కాదు. బతికినంత కాలం వేసుకోవాలి, ఏటా పరీక్ష చేయించుకోవాలి." డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "ఇంకో ప్రశ్న. తినకూడనివి ఏమైనా తినాలనిపిస్తోందా? ఐసు, మట్టి, పచ్చి బియ్యం, సుద్ద?"

టైలరు నవ్వాడు. "భలేవారే డాక్టర్! మా ఆవిడ లెక్కల టీచరండీ."

లెక్కల టీచరు నేల వంక చూసింది. "సుద్ద," అంది.

"రోజుకి ఎన్ని?"

"పది. ఒక్కోరోజు పన్నెండు."

టైలరు మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "నా షాపులో ఎలుక..."

"నేనే."

"మరి బోను పెట్టానే! వేలు నలిగి ఉంటే? కుడిచెయ్యి పోయి ఉంటే, బోర్డు మీద ఏం పెట్టి రాసేదానివి?"

"రాయడానికి ముక్క మిగలాలి కదా," అంది ఆమె.

డాక్టరమ్మ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది. కాసేపటికి తిరిగి, మామూలు గొంతుతో చెప్పింది. "ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఇది జబ్బు లక్షణం. ఒంట్లో ఇనుము నిల్వ అయిపోతే కొందరికి నాలుక ఇలా దారి తప్పుతుంది. రక్తనాళం ద్వారా ఇనుము ఎక్కిస్తాం. నిల్వ నిండుతున్న కొద్దీ ఈ కోరిక పోతుంది. శనివారం రండి, మొదలుపెడదాం."

ఆయన ఇల్లు చేరాక బోను తీసుకెళ్ళి అటక మీద పెట్టాడు. కిందకి దిగకుండా స్టూలు మీదే నిలబడి, "ఇంతమంది కొలతలు తీస్తాను. నీ ఒంట్లో ఏం తగ్గుతోందో పట్టుకోలేకపోయాను," అన్నాడు. ఆమె స్టూలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంది.

ఆ సాయంత్రం ఆమె స్కేలు పెట్టి గళ్ళు గీసి మాత్రల టైంటేబులు వేసింది. మొదటి పీరియడు ఇనుము, నిమ్మరసంతో. మూడో పీరియడు కాల్షియం. టీకి ఇంటర్వెల్లు కూడా పెట్టింది, ఇనుముకి చాలా దూరంలో.

*

శుక్రవారం మొదటి గంటకి ముందే ఆమె హెడ్ సార్ గదిలో నిలబడింది. బల్ల మీద ఆ రోజు పంచాల్సిన సుద్దముక్కలు పళ్ళెంలో వరసగా ఉన్నాయి.

"సార్, సుద్దముక్కలు ఆయమ్మ తీయలేదు. నేను తీశాను."

హెడ్ సార్ కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన మొహంలోకి మెచ్చుకోలు వచ్చింది. ఆమె అది ఊహించలేదు. "మీ మంచి మనసు నాకు తెలుసు టీచర్. ఆయమ్మ మీ దగ్గరికి వచ్చి ఏడ్చి ఉంటుంది. ఇలాంటివాళ్ళని వెనకేసుకురాకండి."

"ఆయమ్మ ఏడవలేదు సార్. నేను తిన్నాను."

"ఏం తిన్నారు?"

"సుద్ద."

"సుద్దా?"

"అవును సార్."

"మీరు లెక్కల టీచరు," అన్నాడాయన, అంతటితో లెక్క తేలిపోయినట్టు. "ఊరుకోండి టీచర్. కూర్చోండి, టీ తెప్పిస్తాను."

ఆమె కూర్చోలేదు. రిపోర్టు కాగితం సగం బయటికి తీసి ఆగిపోయింది. ఆయమ్మ నిజం చెప్తే అది అబద్ధమైంది. తను నిజం చెప్తే అది మంచితనమవుతోంది. ఈ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏ కాగితం చూపించినా ఇంకో మంచి పేరే పెడతాడు. ఆమె కాగితం లోపల పెట్టేసి, పళ్ళెంలోంచి ఒక పొడుగాటి ముక్క తీసుకుని, మధ్యకి కొరికింది.

కరకరమని నమిలింది. రెండో సగం కూడా నోట్లో వేసుకుంది.

హెడ్ సార్ కుర్చీ వెనక్కి తన్నుకుని లేచాడు. "ఆగండి! ఆగండి టీచర్! ఎవరక్కడ? నీళ్ళు! నీళ్ళు తీసుకురండి!"

నీళ్ళు తెచ్చింది ఆయమ్మే. గ్లాసు అందిస్తూ టీచరు మొహం చూసింది, పళ్ళెం చూసింది, హెడ్ సార్‌ని చూసింది. పెదవి కొరుక్కుంది.

"నమ్ముతారా సార్?" అంది లెక్కల టీచరు, గడ్డం మీద తెల్లపొడి తుడుచుకుంటూ. "లేకపోతే ఇంకోటి తినమంటారా? డాక్టరమ్మ తినొద్దంది. మీకోసం తింటాను."

ఆ తర్వాత ఆయన రిపోర్టు చదివాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. చివరికి జేబులోంచి తాళంచెవి తీసి ఆయమ్మ వైపు చాపాడు. "సరే, పొరపాటు జరిగింది. ఇదిగో తీసుకో. ఇక దీన్ని ఇక్కడితో వదిలేద్దాం."

ఆయమ్మ చెయ్యి చాపలేదు. "అందరి ముందు తీసుకున్నారు సార్," అంది మెల్లగా. "అందరి ముందే ఇవ్వండి."

హెడ్ సార్ గోడ గడియారం వంక చూశాడు. దాని దగ్గర ఏ సహాయమూ దొరకలేదు. పదండి అన్నాడు.

స్టాఫ్ రూములో అందరూ ఉన్నారు. హెడ్ సార్ గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు. "సోమవారం నేను ఆయమ్మని అనుమానించాను. అది తప్పు. సంచీ వెతికించడం ఇంకా పెద్ద తప్పు. ఇందులో ఆమె ప్రమేయం లేదు." తాళంచెవి ఇచ్చాడు. ఆయమ్మ దాన్ని నడుముకి చెక్కుకుని, "ఇవాళ టీ కొంచెం ఆలస్యమవుతుంది," అని చెప్పి, నిటారుగా నడిచి వెళ్ళింది.

మిగిలిన సగం లెక్కల టీచరు చెప్పింది. సుద్ద గురించి, ఆపరేషన్ గురించి, నడక అబద్ధం గురించి.

మొదట కదిలింది డ్రాయింగ్ మాస్టారు. ఆయన బల్ల సొరుగు లాగి, బిస్కెట్ ప్యాకెట్ తీసి, చింపి, రెండు కలిపి ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు. "మూణ్ణెల్లు," అన్నాడు నోటి నిండా బిస్కెట్లతో. "మూణ్ణెల్లమ్మా తల్లీ!"

సైన్సు టీచరు మాత్రం నవ్వలేదు. "పేగు బొమ్మ ఏటా బోర్డు మీద గీస్తాను," అంది. "ఏది ఎక్కడ పీలుస్తుందో పిల్లల చేత వల్లె వేయిస్తాను. రోజూ పక్కనే కూర్చుని తింటున్న మనిషి గోళ్ళు తెల్లబడటం చూడలేకపోయాను. అది నా తప్పు. నా మోకాళ్ళు మాత్రం మీ తప్పు. రెండు రోజులు మీతో మాట్లాడను. సోమవారం నుంచి మాట్లాడతాను."

"సరే," అంది లెక్కల టీచరు. మూణ్ణెల్లలో మొదటిసారి ఆమెకి నిజంగా ఆకలి వేసింది.

*

శనివారం బడికి సెలవు. టైలరుకి పొద్దున్నే ఇవ్వాల్సిన బట్టలున్నాయి, మధ్యాహ్నం వస్తానన్నాడు. ఆమె ఒక్కతే బయలుదేరుతుంటే, వీధి మలుపులో ఆయమ్మ కనిపించింది. మంచి బట్టలు కట్టుకుని, జడలో పువ్వు పెట్టుకుని ఉంది.

"ఎక్కడికి ఆయమ్మా?"

"మీతోనే. దారిలో కొత్తగా సున్నం వేసిన గోడ ఉంది. మీరు అక్కడే ఆగిపోతే ఎవరు లాక్కెళ్తారు?"

ఆసుపత్రిలో మంచం పక్కన సీసా వేలాడదీశారు. లోపల మందు ముదురు గోధుమ రంగులో ఉంది. నర్సు సూది గుచ్చి, ప్లాస్టర్ అంటించి, చుక్కల వేగం సర్ది, అట్టకి పెట్టిన కాగితం చేతిలోకి తీసుకుంది. "పేషెంట్ అటెండర్ ఎవరు?"

"నేనే," అంది ఆయమ్మ. "పద్దెనిమిదేళ్ళుగా."

నర్సు అర్థం కాక ఆమె వంక చూసింది. మంచం మీద లెక్కల టీచరు నవ్వుతో ఊగిపోయింది. చెయ్యి కదపొద్దని నర్సు గట్టిగా కసిరి, కాగితం ఆయమ్మ చేతిలో పెట్టింది. "ఇక్కడ సంతకం. దాని పక్కన, పేషెంట్‌కి మీరేమవుతారో రాయండి."

ఆయమ్మ కలం పట్టుకుని ఆగిపోయింది. "ఏమవుతానమ్మా? చుట్టం కాదే. ఏమని రాయను టీచరమ్మా?"

లెక్కల టీచరు ఒకటి రెండు మాటలు మనసులో వేసి చూసింది. స్నేహితురాలు అంటే, ఈ వారం తను నడుచుకున్న తీరుకి ఆ మాట ఇంకా పెద్దదే. పనిమనిషి అన్న మాటని దగ్గరికి కూడా రానివ్వలేదు.

"తోటి ఉద్యోగి అని రాయండి," అంది.

ఆయమ్మ తలెత్తింది. 'రాయి' కాదు, 'రాయండి'. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం గుండ్రంగా రాయడం మొదలుపెట్టింది. 'ద్యో' దగ్గర చెయ్యి ఆగింది. లెక్కల టీచరు సూది లేని చేతి వేలితో దుప్పటి మీద గీసి చూపించింది. ఆయమ్మ చూసి, తల ఊపి, గట్టిగా నొక్కి రాసింది.